గంగ ఊగిన పాట

మా ఆయన కిరణ్ పాల్ ఎన్నో ఏళ్ళుగా మా చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఏనుగు తల ఊపింది, అందరూ పట్టించుకున్నారు.

కీబోర్డు వాయించేవాడి బతుకే అంత. జనం పాడేవాళ్ళని చూస్తారు, వాక్యం చెప్పేవాళ్ళని చూస్తారు. కీబోర్డు వైపు తల తిప్పేది ఎక్కడైనా అపస్వరం పలికినప్పుడే. మా చర్చి మాదాపూర్‌లో ఒక కమర్షియల్ బిల్డింగు పై అంతస్తులో ఉంటుంది. కింద బిర్యానీ హోటలు, మధ్యలో కోచింగ్ సెంటరు. ఆదివారం ఆరాధన చివరికొచ్చేసరికి మసాలా వాసన మెట్లెక్కి పైకొస్తుంది, పాస్టరు యోహానుగారు దాన్ని బట్టి ప్రసంగం ముగిస్తారని మాలో మాకు ఒక హాస్యం. మేమంతా ఐటీ ఉద్యోగులం, నర్సులం, టీచర్లం. సగం మంది కోస్తావాళ్ళం, సగం మంది తెలంగాణవాళ్ళు. మా ఇంట్లో కూడా అదే లెక్క, నాది ఏలూరు, ఆయనది హనుమకొండ.

కిరణ్ సొంతంగా పాటలు కడతాడు. మా అమ్మాయి దీవెన పుట్టినప్పుడు "ఊపిరి ఉన్న ప్రతిదీ నీదే ప్రభువా" అని ఒకటి కట్టాడు. గబగబా, చప్పట్లు కొట్టుకుంటూ పాడే పాట. ఒకటి రెండు ఆదివారాలు పాడించి తర్వాత అందరూ మరిచిపోయారు. మనిషి పైకి నవ్వాడు గాని లోపల చిన్నబుచ్చుకున్నాడు. కట్టుకున్నదాన్ని, నాకు తెలియదా?

ఈ దసరా సెలవుల్లో మా ప్రార్థన గుంపులోని కుటుంబాలన్నీ కలిసి కర్ణాటక కొండల్లో ఒక ఏనుగుల ఆశ్రయానికి వెళ్ళాం. ఆషామాషీగా వెళ్ళలేదు, విచారించి మరీ వెళ్ళాం. ఏనుగు మీద సవారీ చెయ్యడం దాన్ని హింసించడమేనని మాకందరికీ తెలుసు, చదువుకున్నవాళ్ళం కదా. అందుకని నేనే కూర్చుని వెతికాను. ఆ ఆశ్రయం వెబ్‌సైటులో "సవారీ లేదు, సర్కస్ లేదు, ప్రేమ మాత్రమే" అని ఇంతింత అక్షరాలతో రాసి ఉంది. కష్టాల్లోంచి విడిపించి తెచ్చిన ఏనుగులట. మనం మేత తినిపించవచ్చు, స్నానం చేయించవచ్చు, దగ్గర నిలబడి ఫోటో దిగవచ్చు. వీపు మీదికి ఎక్కం కాబట్టి మంచివాళ్ళం. అంత తేలిగ్గా మంచివాళ్ళమైపోయే అవకాశం వస్తే ఎవరు వదులుకుంటారు?

అక్కడ మాకు కేటాయించిన ఆడ ఏనుగు పేరు గంగ. రేకుల షెడ్డు కింద, మోకాలి ఎత్తున పరిచిన పచ్చగడ్డి మధ్య నిలబడి ఉండేది. బెల్లం కలిపిన రాగి ముద్దలు పెట్టాం. వాగులో పడుకోబెట్టి కొబ్బరిపీచుతో వీపు తోమాం. ముందు అది నీళ్ళలో పడుకోనని మొరాయించింది. మావటి దాని చెవి దగ్గరికి వెళ్ళి ఏదో ఒక్క మాట అన్నాడు, అంతే, ఆ కొండంత శరీరం కూలబడింది.

"ఎంత బుద్ధిమంతురాలో చూడండర్రా," అంది ఎస్తేరు ఆంటీ. ఆవిడ మా గుంపుకి పెద్ద, రిటైరైన హెడ్ నర్సు. కన్నీళ్ళు ఆవిడకి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

నేను గంగ చెవి మీద చెయ్యి వేసి దిగిన ఫోటోని ఆ రాత్రే వాట్సాప్‌లో డీపీగా పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న షెడ్డు ఎదురుగానే చాపలు పరిచి ధ్యానం పెట్టుకున్నాం. కిరణ్ ఫోనుని స్టాండుకి తగిలించి రికార్డింగు నొక్కి, గిటారు తీసి సొంత పాట ఎత్తుకున్నాడు. ఎందుకో ఎప్పుడూ పాడినట్టు కాకుండా నెమ్మదిగా, జోలపాటలా ఎత్తుకున్నాడు. కొండగాలి మహిమ అనుకున్నాను. ఒక చరణం అయిందో లేదో ఎస్తేరు ఆంటీ నా భుజం గిల్లింది.

గంగ తల ఊపుతోంది. కుడికి, ఎడమకి, మళ్ళీ కుడికి. ముందుకాలు ఒకటి కాస్త ఎత్తి దించుతోంది. సరిగ్గా పాట నడకకి. పాట ఆగేసరికి మా గుంపులో ఏడవనివాళ్ళు లేరు. "మనుషులు మరిచిపోయినా మూగజీవి మరిచిపోలేదు, సృష్టికర్తని స్తుతిస్తోంది," అంది ఎస్తేరు ఆంటీ ముక్కు తుడుచుకుంటూ. నేనూ ఏడ్చాను. అబద్ధం ఎందుకు, ఆ ఏడుపు చాలా బాగుంది.

మేము నార్సింగిలోని మా ఫ్లాటుకి చేరేసరికి ఆ వీడియో మా కంటే ముందే చర్చివాళ్ళందరి ఫోన్లలోకి చేరిపోయింది. అక్కడ్నించి వేరే చర్చిలకి, వేరే ఊళ్ళకి. ఖమ్మం నుంచి ఒక పాస్టరు గారు, ఇంకా ఎవరెవరో ఫోను చేసి పాట స్వరాలు అడిగారు. చర్చి మెట్ల మీద కొత్తవాళ్ళు ఆయన్ని ఆపి, "ఏనుగు పాట మీదేనా బ్రదర్?" అని చెయ్యి కలిపేవారు. ఇప్పుడు అందరూ ఆ పాటని వీడియోలో ఉన్నట్టు నెమ్మదిగానే పాడుతున్నారు. కిరణ్ పొద్దున్నే టీ పెడుతూ కూనిరాగం తీసేవాడు. దీవెన పుట్టినప్పటి తర్వాత ఆయన్ని అంత సంతోషంగా నేను చూడటం మళ్ళీ అప్పుడే.

పాస్టరు గారు కూడా ఉత్సాహపడ్డారు. చర్చి కుటుంబాలన్నిటికీ జనవరి చివరి సెలవుల్లో శిబిరం అక్కడే పెడదామన్నారు. బస్సులు మాట్లాడారు. నవంబరులో మా కృతజ్ఞతార్పణ పండుగ రోజు ఆ సంగతి ప్రకటించి, పేర్లు తీసుకోవాలని నిర్ణయం. "దానికి ముందు పిల్లలతో ఆ పాటకి ఒక యాక్షన్ సాంగ్ చేయించండమ్మా స్టెల్లా, చిన్న చిన్న ఏనుగుల్లాగా," అన్నారు నాతో. సండే స్కూలు చూసేది నేనే. పాటకి తగ్గట్టు చేతులూ కాళ్ళూ ఆడించే ఆటలు నేర్పడంలో నాకు మంచి పేరుంది. సరేనండి అన్నాను.

ఆఫీసులో నా పక్క సీటు మధుకర్‌ది. శేరిలింగంపల్లిలో పుట్టి పెరిగినవాడు. ఎవరినీ వదలడు, ఆటపట్టిస్తాడు. ఒకరోజు కింద టీ కొట్టు దగ్గర అతనికి వీడియో చూపించాను. చూపించకుండా ఉండలేని రోగం అప్పటికి నాకు బాగా ముదిరింది.

"మంచిగున్నది మేడం," అన్నాడు. "చిన్నప్పుడు నేను గూడ జూసిన. బోనాల ఊరేగింపుకు ఏనుగును దెస్తరు గదా, నిలవెట్టిన కాడ గిట్లనే ఊపుతుండె. అమ్మవారు పూనిందని మా నాయనమ్మ దండం వెట్టేది. మీ దాంట్ల స్తోత్రం అన్నట్టు."

"అన్నిటికీ నీకు ఎకసెక్కమే," అన్నాను నవ్వుతూ.

అతనూ నవ్వాడు. టీ కప్పు డబ్బాలో వేస్తూ, "ఎవరి దేవుడు వాళ్ళకు గొప్పే మేడం. పాపం ఏనుగుకు ఇవన్ని ఏం దెలుసు? కట్టేసి పెడితే ఏం జేస్తది, ఊపుతది," అన్నాడు.

"గంగని ఎవరూ కట్టెయ్యలేదు మధుకర్. అది ఆశ్రయం."

"అచ్ఛా," అన్నాడు. వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అని మరిచిపోయేదాన్ని. ఆ 'అచ్ఛా' మాత్రం సాయంత్రం దాకా పంటి కింద రాయిలా ఉండిపోయింది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఈ బటన్ నొక్కినందుకే ఇలా జరిగిందా, నొక్కకపోయినా జరిగేదేనా అని చూడటమే నా పని. జీతమిచ్చి మరీ నేర్పిన ఆ విద్యని ఏనుగు విషయంలో వాడాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ఆ సాయంత్రం కిరణ్ ప్రాక్టీసుకి వెళ్ళాక, ఇంట్లో లాప్‌టాప్ తెరిచి అసలు వీడియో పెట్టాను. అందరికీ పంపింది కత్తిరించిన ముక్క. అసలుది పొడుగు. శబ్దం తీసేసి చూశాను.

కిరణ్ ఇంకా గిటారు తీగలు బిగిస్తున్నాడు, ఎస్తేరు ఆంటీ చాప సర్దుకుంటోంది, పాట మొదలవ్వలేదు. వెనకాల గంగ ఊగుతోంది. కుడికి, ఎడమకి, మళ్ళీ కుడికి. పాట అయిపోయింది. మేమందరం కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాం, గంగ ఊగుతోంది. కళ్ళు తెరిచాం, లేచాం, చాపలు చుట్టాం. గంగ అలాగే ఊగుతోంది. ముందుకాలు ప్రతిసారీ అంతే ఎత్తు లేచి ఆగిపోతోంది. ఒకసారి కాలి దగ్గర పచ్చగడ్డి పక్కకి జరిగింది. గడ్డి కింద గొలుసు ఉంది.

లాప్‌టాప్ మూసేశాను. ఒళ్ళంతా చీదరగా అనిపించింది, ఏనుగుని చూసి కాదు, దాని ముందు చాప మీద కూర్చుని పైటచెంగుతో కళ్ళొత్తుకుంటున్న నన్ను చూసి.

దీవెన పక్కగదిలో బొమ్మలేసుకుంటోంది. మూడో తరగతి. ఆశ్రయంలో ఆ రోజు మేమందరం భోజనానికి వెళ్తే, అది అన్నం తొందరగా తినేసి షెడ్డు దగ్గరికి పరిగెత్తి అక్కడే కూర్చుంది.

"దీవూ, మేము అన్నాలు తింటున్నప్పుడు గంగ ఏం చేసింది?" అని అడిగాను.

"ఊగింది," అంది బొమ్మ మీంచి తల ఎత్తకుండా. "పొద్దున్న కూడా ఊగింది, పాట లేనప్పుడు. నేను ఇంక చాలు ఆపు అని చెప్పా. ఆగలేదు. కాలికి గొలుసు ఉంది కదా, అందుకని నడవలేదు, ఊగుతుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అది నన్ను వింతగా చూసింది. "నువ్వు కూడా అక్కడే ఉన్నావు కదా మమ్మీ."

ఆ తర్వాత ఫోనులో కాస్త చదివాను. ఎక్కువ చదవాల్సిన అవసరం రాలేదు. ఒకేచోట కట్టేసి ఉంచిన ఏనుగులు అలా ఊగుతాయట. అది సంతోషం కాదట. మూసేశాను. అంతలో కిరణ్ వచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "స్టెల్లా, గా ఖమ్మం పాస్టరు గారు మళ్ళ ఫోన్ జేసిండు. క్రిస్మస్‌కు వాళ్ళ క్వైర్ అంత మన పాటనే పాడుతరంట!" అన్నాడు. మొహం మతాబులా వెలిగిపోతోంది.

నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెబితే ఈ మనిషి మొహంలో ఈ వెలుగు పోతుంది, చెప్పకపోతే ఏనుగుకి కొత్తగా పోయేదేముందిలే అనుకున్నాను. అంతకంటే సిగ్గులేని ఆలోచన నేను జన్మలో చెయ్యలేదు. ఎందుకంటే పోయేది ఉంది. జనవరిలో బస్సులు వెళ్తాయి. చర్చి మొత్తం దాని ముందు చాపలు పరుస్తుంది. మమ్మల్ని చూసి ఇంకో చర్చి వెళ్తుంది. ఇంతమంది వస్తున్నారంటే గంగని ఆ షెడ్డులోంచి కదిలించేవాడెవడు? ఇదంతా తెలిసి కూడా నేను లేచి చపాతీలు చేశాను.

రిహార్సల్సు మొదలయ్యాయి. పిల్లలకి అట్టతో చెవులు చేశాం, బూడిదరంగు టీషర్టులు తెప్పించాం. "కుడికి, ఎడమకి, కాలు పైకి," అని చప్పట్లు కొట్టి నేర్పాను. నేర్పుతున్నంతసేపూ పిల్లల కళ్ళలోకి చూడలేకపోయాను. దీవెన స్కిప్పింగు తాడు తెచ్చుకుంది. ఒక కొస చీలమండకి, ఇంకో కొస కుర్చీ కాలికి కట్టుకుని నిలబడింది.

"అదేంటి? విప్పెయ్," అన్నాను.

"గంగకి ఉంది కదా."

"స్టేజి మీద బాగుండదు నాన్నా."

"మరి ఇది లేకపోతే ఎందుకు ఊగాలి?"

"దేవుణ్ణి స్తుతిస్తూ ఊగాలి," అన్నాను.

ఆశ్రయంవాళ్ళు గొలుసు మీద గడ్డి కప్పారు. నేను తాడు విప్పి హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్పు లాగాను. వాళ్ళకీ నాకూ తేడా లేదని అప్పుడే తెలిసింది. మొహం మండిపోతుంటే, వంగి పక్కపిల్లాడి అట్టచెవులు సర్దినట్టు నటించాను.

పండుగ ఆదివారం హాలంతా గుమ్మడికాయలు, అరటిగెలలు, కొబ్బరికాయలు. మా వాళ్ళు పొలాలు లేకపోయినా రైతుబజారులో కొనుక్కొచ్చి మరీ దేవుడి ముందు పెడతారు, ఆరాధన తర్వాత వేలంలో మళ్ళీ వాళ్ళే కొనుక్కుంటారు. ఎస్తేరు ఆంటీ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. వెనక తెర మీద గంగ వీడియో మొదటి బొమ్మ ఆపి పెట్టారు. పాస్టరు గారి చేతిలో శిబిరం కాగితం ఉంది.

పిల్లలు వరసగా నిలబడ్డారు. పొట్టిపిల్ల కాబట్టి దీవెనని చివర, వాళ్ళ నాన్న కీబోర్డు పక్కనే నిలబెట్టాను. కిరణ్ పాట ఎత్తుకున్నాడు. పిల్లలు ఊగారు. హాలంతా "అయ్యో బంగారాలు" అని ఫోన్లు పైకెత్తింది. పల్లవి అయ్యి చరణంలోకి వచ్చేసరికి కీబోర్డు కదలడం కనిపించింది. కొంచెం కొంచెంగా, పాట నడకకి సరిపోయేలా, స్టాండు కుడికి లాగినట్టయి మళ్ళీ వెనక్కి వస్తోంది.

కిరణ్ కిందికి చూశాడు. దీవెన ఎవరిదో చున్నీ తెచ్చుకుని ఒక కొసని చీలమండకి కట్టుకుంది. రెండో కొసని స్టాండు కాలికి ముడివేసింది. ఎప్పుడు కట్టుకుందో నేను చూడలేదు.

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. పాట చరణం మధ్యలో తెగిపోయింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఊగడం మానేసి నా వైపు చూశారు. దీవెన మానలేదు. కుడికి, ఎడమకి, కాలు పైకి. హాల్లో కొంతమంది నవ్వారు.

"దీవూ, పాట అయిపోయింది బిడ్డా," అన్నాడు కిరణ్ మెల్లగా. మైకు దగ్గరే ఉండటంతో ఆ మాట అందరికీ వినిపించింది.

అది ఊగుతూనే ఉంది. "గంగకి అవ్వలేదు డాడీ," అంది.

నవ్వులు ఆగాయి. నేను వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని ముడి విప్పబోయాను. బిగుసుకుపోయింది. పిల్ల చీలమండ చుట్టూ ఎర్రటి గీత పడింది. పాస్టరు గారు దగ్గరికి వచ్చి, "ఏంటమ్మా స్టెల్లా?" అన్నారు.

"సాక్ష్యం చెప్పాలండి," అన్నాను.

మా చర్చిలో సాక్ష్యమంటే దేవుడు మనకి చేసిన మేలు లేచి చెప్పుకోవడం. రోగం తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో. ప్రతి వాక్యానికీ ఎవరో ఒకరు ఆమేన్ అంటారు. నేను మైకు తీసుకుని, ఏనుగు పాట మొదలవ్వకముందు నుంచీ ఊగుతోందని చెప్పాను. గడ్డి కింద గొలుసు ఉందని చెప్పాను. ఆ చోటు వెతికింది నేనేనని, అది ఊగేది బాధతోనని నాకు రిహార్సల్సుకి ముందే తెలుసని, తెలిసే మీ పిల్లలకి ఆ బాధని ఆటగా నేర్పానని చెప్పాను. ఒక్కరు కూడా ఆమేన్ అనలేదు. ఎస్తేరు ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి ఆవిడకి కన్నీళ్ళు రాలేదు. పాస్టరు గారు చేతిలోని కాగితాన్ని మడిచారు, మళ్ళీ మడిచారు, జేబులో పెట్టుకున్నారు. "ప్రార్థన చేద్దాం," అన్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం. కింద నుంచి మసాలా వాసన పైకొచ్చినా ఆయన ప్రార్థన మొదలవ్వలేదు.

వేలం పాటకి మేము ఉండలేదు. సెల్లారులో కారెక్కాక కిరణ్ తాళం తిప్పకుండా అలాగే కూర్చున్నాడు. దీవెన వెనక సీట్లో సాక్సు కిందికి తోసి చీలమండ రుద్దుకుంటోంది. ఆయన నన్ను తిడతాడనుకున్నాను. ఇంట్లో చెప్పకుండా నలుగురి ముందు ఆయన పాటని నేలకేసి కొట్టాను కదా. తిట్టాలనే కోరుకున్నాను కూడా.

"నన్ను క్షమించు. ముందే నీకు చెప్పాల్సింది," అన్నాను. "నువ్వు అంత సంతోషంగా ఉంటే నోరు రాలేదు."

ఆయన స్టీరింగు మీది చేతుల్నే చూస్తున్నాడు.

"నువ్వు జెప్పుడేంది," అన్నాడు. "గా పాటను ఇంట్ల ఎట్ల వాయిస్త నేను?"

"గబగబా."

"మరి గాడ ఎందుకు మెల్లగ వాయించిన?"

నాకు అర్థమవ్వడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక అర్థం కాకపోతే బాగుండుననిపించింది.

"గిటారు శ్రుతి జేసుకుంటనే చూసిన. అది అప్పటికే ఊపుతున్నది," అన్నాడు కిరణ్. "అది నా పాటకు ఊగలే స్టెల్లా. నేనే దాని ఊపుకు పాట కలిపిన."